ఏటి అవతలి చుట్టాలు

కొల్లాపూర్ నుంచి దక్షిణానికి దిగి, కృష్ణ ఒడ్డున ఉన్న ఏ ఊళ్లోనైనా నాలుగిళ్లు తిరిగి అడగండి. ఒక ఇంట్లో కోడలు అవతలి ఒడ్డు పిల్ల అయి ఉంటుంది. పక్కింటి ఆడబిడ్డను అవతలికి ఇచ్చి ఉంటారు. ఇవతల సోమశిల, మల్లేశ్వరం, మంచాలకట్ట, జటప్రోలు. అవతల సిద్ధేశ్వరం, సంగమేశ్వరం, నెహ్రూనగర్. కాగితాల మీద ఇవతలిది నాగర్‌కర్నూల్ జిల్లా, తెలంగాణ. అవతలిది నంద్యాల జిల్లా, ఆంధ్రప్రదేశ్. చుట్టరికం లెక్కలో మాత్రం రెండూ ఒకటే. పండుగకు ఎవరు ఎవరింటికి పోవాలి, ఎవరిని ఎవరు తోలుకురావాలి అన్నదానికి ఈ రెండు ఒడ్ల నడుమ తరాల నాటి కట్టుబాటు ఉంది. రాజుల చరిత్ర, గుళ్ల చరిత్ర చాలా చదివాను. పండుగకు పుట్టింటికి పోయే ఆడవాళ్ల దారి ఎట్లా మారిందో రాసిన పుస్తకం మాత్రం నాకెక్కడా దొరకలేదు. అందుకే నాకు తెలిసినంత రాస్తున్నాను.

1974లో మా ఊరి బ్రాంచి పోస్టాఫీసులో పోస్టుమాస్టరుగా చేరాను. పోస్టాఫీసంటే మా ఇంటి ముందు గదే. ఒక తూకం, ఒక ముద్ర, ఒక ఇనుప పెట్టె. ఉత్తరాలు ఇచ్చుడు, పుచ్చుకొనుడు సగం పనైతే, చదివి చెప్పుడు, అడిగిన వాళ్లకు రాసిపెట్టుడు మిగతా సగం. అందువల్ల ఈ ఒడ్డు మీది ఇళ్ల మంచిచెడ్డలు చాలావరకు నా చెవిన పడ్డాయి. మా అమ్మ కూడా అవతలి ఒడ్డు నుంచి వచ్చినదే. సంగమేశ్వరానికి దగ్గర ఊరు. మా అక్కను తిరిగి మా మేనమామ కొడుకుకే ఇచ్చారు. ఒక పిల్లను తెచ్చుకుంటే మరో పిల్లను ఇయ్యాలె అనేది మా వైపు మాట. మేనరికం ఉన్నంతకాలం ఏరు దాటడం తప్పలేదు.

ఈ పెళ్లిళ్ల వెనక నేల గుణం కూడా ఉంది. ఇవతల మాకు జొన్న, సజ్జ, కొర్ర. అవతల నందికొట్కూరు, ఆత్మకూరు వైపు మాగాణి ఉంది. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర కట్టిన ఆనకట్ట నుంచి కర్నూలు-కడప కాలువను 1860లలో తవ్వడం మొదలుపెట్టారు. అందరూ కె.సి.కెనాల్ అంటారు. ఆ కాలువ కింద వరి పండింది. జొన్నరొట్టె తినే ఇంటి నుంచి వరి అన్నం తినే ఇంటికి పిల్లను ఇస్తే ఆ పిల్ల సుఖపడుతుందని మా వాళ్ల ఆశ. మా ఒడ్డు మీద కొల్లాపూర్ మామిడి ఉంది, ఏటి మెరకల్లో మేత ఉంది. ఎండాకాలంలో ఆవకాయకు కాయలు ఇటునుంచి అటు పోయేవి, పండుగకు బియ్యం అటునుంచి ఇటు వచ్చేవి. మా అమ్మ దసరాకు పుట్టింటికి పోయివస్తే ఆ నెలంతా మా ఇంట్లో పొద్దుపొద్దున అన్నం వండిన వాసన వచ్చేది.

కానీ ఆ బియ్యం ఏరు దాటడం ఎప్పుడూ సుళువు కాదు. 1948 సెప్టెంబర్ దాకా ఈ ఒడ్డు నిజాం రాజ్యం, అందులోనూ జటప్రోలు సంస్థానం. సురభి వంశం రాజులు జటప్రోలు నుంచి పెంట్లవెల్లికి, అక్కణ్నుంచి కొల్లాపూర్‌కు మారి ఏలిన సీమ ఇది. ఆ ఒడ్డు 1947 దాకా ఇంగ్లీషువాళ్లు ఏలిన మద్రాసు రాష్ట్రం, కర్నూలు జిల్లా. రెండు ప్రభుత్వాల నడుమ సరుకు దాటితే కరోడ్‌గిరి నాకాలో సుంకం కట్టాలి. అవ్వగారింటి నుంచి బియ్యం మూట తెచ్చుకునే ఆడమనిషిని కూడా నాకా సిపాయి ఆపి అడిగేవాడట. మా తాత దగ్గర రెండు రకాల డబ్బు రెండు సంచుల్లో ఉండేదని మా నాయన చెప్పేవాడు. ఇంటి ఖర్చుకు హాలీ సిక్కా, అవతల ఖర్చుకు కల్దారు. దాదాపు ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు కల్దార్లు. అల్లుడికి దసరా కట్నం ఏ డబ్బులో పెట్టాలన్నది కూడా పెద్దల నడుమ తేల్చుకోవలసిన సంగతే.

టపా సంగతీ అంతే. 1869 నుంచి నిజాం సర్కారుకు సొంత స్టాంపులు ఉండేవి. అవి రాజ్యం లోపల చెల్లేవి, ఏరు దాటితే చెల్లవు. 1950లో నిజాం టపా భారత తపాలా శాఖలో కలిసింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ముసలాయన ఒకరు నిజాం స్టాంపు అతికించి ఉన్న పాత కవరు తెచ్చి ఇది ఇంకా పనికొస్తుందా అని అడిగారు. పనికిరాదని చెప్పి, ఆ కవరును దాచుకొమ్మన్నాను.

1947-48లో రజాకార్ల భయం పెరిగినప్పుడు ఈ చుట్టరికాలు ప్రాణాలు కాచాయి. ఇవతలి ఊళ్ల నుంచి ఎన్నో కుటుంబాలు కృష్ణ దాటి కర్నూలు జిల్లాలో తలదాచుకున్నాయి. సరిహద్దు వెంట కాంగ్రెసు శిబిరాలు నడిచాయి. మా వాళ్లు శిబిరాల్లోకి పోలేదు. మేనమామ ఇల్లుండగా శిబిరమెందుకని మా అమ్మ పుట్టింట్లోనే దిగారు. ఆ ఏడు దసరాకు వెళ్లినవాళ్లు దసరా తర్వాత కూడా తిరిగి రాలేదు. పోలీసు చర్య ముగిసి, ఊళ్లో భయం లేదని కబురొచ్చాకే పుట్టి ఎక్కారు. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఏరు రాష్ట్రానికి సరిహద్దు కావడం మానింది. మా అమ్మ తరం ఆడవాళ్లకు రాష్ట్రం కలవడం అంటే బియ్యం మూట ఎవరూ విప్పి చూడకపోవడం. ఆ సుఖం వాళ్లు నిండా అనుభవించారు.

ఇక ఏరు దాటే పద్ధతి. మా చిన్నతనంలో దాటించేది పుట్టి. వెదురు బద్దలతో గుండ్రంగా అల్లి, వెనకటి రోజుల్లో బర్రెతోలు, తర్వాత తారు పూసిన గోనెపట్టా కప్పేవారు. దానికి ముందు వెనక లేవు. ఒక్క తెడ్డుతో తిప్పుతూ పోవాలి. నేరుగా అవతలికి తోలబోతే ప్రవాహం ఎక్కడికో ఈడ్చుకుపోతుంది. అందుకని బెస్తాయన పుట్టిని నెత్తిన బోర్లించుకుని ఒడ్డు వెంట ఎగువకు చాలా దూరం నడిచేవాడు. మేము వెనక నడిచేవాళ్లం. అక్కడ పుట్టిని నీళ్లలో వేసి, ఆడవాళ్లను నడుమ, మూటలను కాళ్ల దగ్గర, మగవాళ్లను అంచుల వెంట సరిగా కూర్చోబెట్టి వదిలితే, పుట్టి గిరగిరా తిరుగుతూ ఏటవాలుగా దిగి, సరిగ్గా అవతలి రేవుకు చేరేది. ఎంత ఎగువకు పోవాలన్నది ఆ రోజు నీళ్ల రంగు చూసి ఆయన చెప్పేవాడు. ఎర్రనీళ్లయితే ఎక్కువ దూరం, తేటపడితే తక్కువ. చుట్టాల దగ్గర పైసలు తీసుకునేది లేదు. పంట కల్లంలో ఉన్నప్పుడు వచ్చి మేర కొలిపించుకుని పోయేవాడు. రెండు ఒడ్లలోనూ ఆయనకు మేర ఉండేది.

వానాకాలం వరదలు తగ్గి, నీళ్లు తేటపడే వేళకు దసరా వచ్చేది. ఇది చాలా ముఖ్యమైన సంగతి, ముందుముందు దీని గురించే చెప్పాలి. పెత్రమాస నాడు ఎంగిలిపూల బతుకమ్మ మొదలవుతుంది. ఆ ముందు రోజుల్లోనే మా మేనమామ పుట్టిలో దిగి, ఒడ్డు మీద కాళ్లు కడుక్కుని ఇంటికి వచ్చేవాడు. “అక్కా, తోలుకపోదామని వచ్చిన” అనేవాడు. అప్పుడు మా నాయనమ్మ, “ఎందుకు అంత తొందర, సద్దుల బతుకమ్మ అయినాంక పోతది” అనేది. ఏటా ఇదే మాట, ఇదే జవాబు. మా అమ్మకు పెళ్లి అయ్యేదాకా బతుకమ్మ ఆట తెలియదు. వాళ్ల ఒడ్డున ఆ ఆట లేదు. ఇక్కడికి వచ్చాక నేర్చుకుని, తంగేడు, గునుగు పేర్చడంలో ఊళ్లో మంచి చేయి అనిపించుకుంది. అందుకే మా నాయనమ్మ ఆమెను అష్టమి దాకా పంపేది కాదు. ఆట అయిన మర్నాడు పొద్దున ప్రయాణం. దశమి సాయంత్రం మేనమామ ఊళ్లో జమ్మి ఆకు చేతిలో పెట్టి పెద్దల కాళ్లు మొక్కేవాళ్లం. ఆయన మా అందరికీ బొరుగులు, ఉగ్గాని, బజ్జీ పెట్టించేవాడు. మేము మోసుకుపోయిన బక్షాలు, మురుకులు వాళ్ల వీధి పిల్లలందరూ తినేవాళ్లు.

తర్వాత మా అక్కను అక్కడికి ఇచ్చినప్పుడు సంగతి తిరగబడింది. బతుకమ్మ పెరిగిన ఇంటి నుంచి బతుకమ్మ లేని ఊరికి పోయింది. మొదటేడు అత్తగారింట ఒక్కతే చిన్న పళ్లెంలో పూలు పేర్చి ఏట్లో విడిచిందట. మూడో ఏటికి పక్కింటి ఆడవాళ్లు కూడా కూడారు. ఇవతలి నుంచి పోయిన కోడళ్లు ఆ వీధిలో ఇంకొందరు ఉన్నారు కదా. ఆ ఊళ్లో ఇప్పటికీ ఆ వీధి ఆడవాళ్లు తొమ్మిది రోజులూ ఆడకపోయినా సద్దుల నాడు పూలు పేరుస్తారు.

దసరాకు మేము పోతే, సంక్రాంతి దాటాక వాళ్లు వచ్చేవారు. సింగోటంలో లక్ష్మీనరసింహస్వామి జాతర అప్పుడే. రత్నగిరి గుట్ట, దాని పక్కన శ్రీవారి సముద్రం చెరువు, ఎడ్లబండ్ల వరుస, మిఠాయి దుకాణాలు. అవతలి ఒడ్డు జనం ఆ జాతరకు పుట్టెక్కి వచ్చి, చుట్టాల ఇళ్లలో దిగి, జాతర చూసి, పెళ్లి సంబంధాలు మాట్లాడుకుని పోయేవారు. ఈ ఒడ్డు మీది సంబంధాలు చాలావరకు జాతరలోనే కుదిరాయని ధైర్యంగా చెప్పగలను.

వీటన్నిటిమీదా ఒడిబియ్యం ఉంది. మూడేండ్లకో అయిదేండ్లకో ఆడబిడ్డను పిలిచి, పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, చీర, రవికె ఒళ్లో పోస్తారు. మా అమ్మ ఒడిబియ్యానికి మేనమామ ఒకసారి గద్వాల చీర తెచ్చాడు. ఒంటికి నూలు, అంచుకు, కొంగుకు పట్టు. నూలుపోగు, పట్టుపోగు కలిసేచోట ఒకదాన్నొకటి మెలివేసి అల్లుతారు. ఆ అతుకు మీద వేలు పెట్టి చూస్తే ఒరుసుకోదు. మా అమ్మ ఆ చీరను పండుగకు కట్టి, ఉతికి, ఎండలో కాకుండా నీడలో ఆరేసి, మడత మారుస్తూ దాచింది. ఏళ్లు గడిచాక నూలు మెత్తబడి చిరిగింది, పట్టు అంచు చెక్కు చెదరలేదు. ఆ అంచును మా అక్క తన పెళ్లి రవికెకు కుట్టించుకుంది.

ఉత్తరాల సంగతికి వస్తాను. మా గడపలో నిలబడితే అవతలి ఒడ్డు కనబడేది. కానీ అక్కడికి ఉత్తరం వేస్తే అది కొల్లాపూర్ పోయి, మహబూబ్‌నగర్ పోయి, కర్నూలు పోయి, అక్కణ్నుంచి కిందికి దిగి చేరాలి. 1972లో పిన్‌కోడ్ వచ్చాక మాది 509తో, వాళ్లది 518తో మొదలయ్యేవి. అందుకే తొందర కబుర్లు ఏవీ కార్డు మీద పోయేవి కావు. పుట్టిలో నోటి మాటగా పోయేవి. “కోడలు నెల తప్పింది”, “బర్రె ఈనింది”, “దసరకు రెండు రోజుల ముందే రండి” వంటివన్నీ బెస్తాయన నోట చేరేవి. పెళ్లి శుభలేఖ నాలుగు మూలలా పసుపు రాసి ఇచ్చేవాళ్లు. చావు కబురు కార్డును గడప లోపలికి రానిచ్చేది లేదు. వాకిట్లోనే చదివి చింపెయ్యమని అడిగేవారు. అట్లా నేను చింపిన కార్డులు ఉన్నాయి.

దూరపు ఉత్తరాలు వేరు. మా మహబూబ్‌నగర్ జిల్లానే పాలమూరు అంటారు. పాలమూరు లేబర్ అన్న మాట దేశమంతా తెలుసు. నాగార్జునసాగర్ మొదలు ఎన్నో డ్యాముల మట్టిపని, రాతిపని మా జిల్లా జనం చేతుల మీద జరిగింది. దసరా, దీపావళి నడుమ మేస్త్రీ వచ్చి అడ్వాన్సు చేతిలో పెట్టి గుంపును లారీలో ఎక్కించుకుపోయేవాడు. అంటే పండుగ అయిన వెంటనే ఇల్లు ఖాళీ. తర్వాతి దసరాకు వాళ్లు వస్తారా రారా అన్నది మేస్త్రీ లెక్క మీద ఉండేది. భాద్రపదంలోనే ఆడవాళ్లు వచ్చి కూర్చునేవారు. “దసరకు రమ్మని రాయి సారూ. బట్టలు తేకున్నా మానె, మనిషి వస్తే సాలు అని రాయి.” ఇక్కడ అందరం క్షేమం, మీ క్షేమం తెలుపగలరు అని మొదలుపెట్టి, వానలు, జొన్న, పిల్లవాడి పళ్లు, అత్త దగ్గు అన్నీ పదిహేను పైసల కార్డులో ఇరికించేవాణ్ని. మనియార్డరు వచ్చిన ఇంట్లో పండుగ ఉందని, రాని ఇంట్లో మనిషే వస్తున్నాడేమోనని ఆశ ఉందని నాకు తెలిసేది. గోరటి వెంకన్న మా జిల్లాలోని తెల్కపల్లి మండలం గౌరారం మనిషి. ఆయన పల్లె మీద, వలస మీద కట్టిన పాటలు ఇక్కడి జనం అంతగా తమవి చేసుకున్నారంటే, ఆ ఎదురుచూపులు ప్రతి ఇంట్లోనూ ఉన్నవే కాబట్టి.

ఇప్పుడు 1981.

శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లో జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. దాదాపు ఇరవై ఏండ్లు నీళ్లు వస్తాయి, వస్తాయి అన్నారు. ఎవరూ పూర్తిగా నమ్మలేదు. పూర్తి నీటిమట్టం 885 అడుగులు. ఆ గీత కిందికి మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల్లో వందకు పైగా ఊళ్లు వచ్చాయి. లక్షమందికి పైగా జనం లేవవలసి వచ్చింది. 1981 ఎండాకాలంలో పోలీసులను వెంటబెట్టుకుని ఇళ్లు కూలగొట్టారు. దానికి ‘ఆపరేషన్ డిమాలిషన్’ అని పేరు. మా నాయన ముందే దూలాలు, తలుపులు, గడప విప్పి బండిమీద వేశాడు. గడపను అన్నిటికన్నా పైన, పసుపు రాసిన వైపు పైకి ఉండేటట్టు పెట్టాడు. కొత్త ఇంటికి అదే గడప. పొడుగు సరిపోక గోడను రెండు జానలు వెనక్కి జరిపి కట్టించాడు గానీ గడపను కోయనీయలేదు.

గుళ్లను మాత్రం రాయికి రాయి విప్పి, అంకెలు వేసి, పైన మళ్లీ కట్టారు. సోమశిల గుళ్లు, జటప్రోలు గుళ్లు, తుంగభద్ర-కృష్ణల కూడలి నుంచి అలంపూర్‌కు తెచ్చిన సంగమేశ్వరాలయం అట్లా బతికాయి. ఆ పని చేసిన పురావస్తు శాఖ వాళ్లకు నా దండం. అవతలి సంగమేశ్వరంలో వేపమొద్దు శివలింగం ఉన్న గుడి నీళ్లలోనే మిగిలింది. ఊళ్లకు ఆ శ్రద్ధ దక్కలేదు. ఒక ఊరి జనం ఒక్కచోట దిగలేదు. పరిహారం అందినవాళ్లు అందినంతలో కొల్లాపూర్, పెంట్లవెల్లి, వనపర్తి, నందికొట్కూరు, కర్నూలు, ఎక్కడ జాగ దొరికితే అక్కడ సర్దుకున్నారు. ముంపు కుటుంబంలో ఒకరికి ఉద్యోగం అని 1986లో వచ్చిన 98 జీవో గురించి రెండు ఒడ్లలోనూ ఇప్పటికీ దరఖాస్తులు రాస్తూనే ఉన్నారు. వాటిలో కొన్ని నా చేతి రాతవే.

1981 వర్షాకాలం తర్వాత నాకు వచ్చిన సంచుల్లో నీళ్లకింది ఊళ్ల చిరునామాలతో ఉత్తరాలు ఉండేవి. బొంబాయిలో, డ్యాం పనుల్లో ఉన్నవాళ్లకు ఊరు లేచిందని తెలుసు, ఎక్కడికి లేచిందో తెలియదు. పాత చిరునామాకే దసరా ఉత్తరం వేశారు. నేను ఒక నోటుపుస్తకం పెట్టుకుని, ఏ ఇంటివాళ్లు ఎక్కడికి పోయారో సంతలో, బస్టాండులో, జాతరలో అడిగి రాసుకున్నాను. పేరు, తండ్రి పేరు, పాత ఊరు, కొత్త చోటు, అక్కడ ఎవరి ఇంటిపక్క. ఆ పుస్తకం చూసి ఉత్తరాలు దారి మళ్లించేవాణ్ని. తర్వాత్తర్వాత మనుషులే వచ్చి అడగసాగారు. “మా మేనత్త వాళ్లు ఎక్కడున్నారు సారూ, దసరకు పిలవాలె.” చుట్టాలను వెతుక్కోవడానికి పోస్టాఫీసుకు రావలసిన రోజులు అవి. ఆ నోటుపుస్తకం ఇప్పటికీ నా దగ్గర ఉంది. మా ఒడ్డు చరిత్రకు అంతకన్నా నమ్మకమైన కాగితం నేను చూడలేదు.

డ్యాం చేసిన అసలు మార్పు ఇంకొకటి ఉంది. వెనక దసరా అంటే నీళ్లు తగ్గే కాలం. ఇప్పుడు దసరా అంటే జలాశయం నిండే కాలం. ఆశ్వయుజంలో ఇటు గట్టు నుంచి అటు గట్టుకు సముద్రంలా నీళ్లు నిలిచి ఉంటాయి. పుట్టి దాని మీద పనికిరాదు. ఎగువకు నడిచి ప్రవాహంతో దిగే ఉపాయం ప్రవాహమే లేనిచోట ఏం చేస్తుంది? గాలి లేస్తే అలలు కొడతాయి. మరబోట్లు వచ్చాయి. అవి ఉన్నప్పుడు ఉంటాయి, లేనప్పుడు లేవు. బస్సులో పోవాలంటే బీచుపల్లి వంతెన మీదుగా కర్నూలు చుట్టి పోవాలి. ఒక్క రోజు పండుగకు ముసలివాళ్లను, పసిపిల్లలను వేసుకుని అంత చుట్టు ఎవరు తిరుగుతారు? నోటి కబుర్లు ఆగిపోయాయి. నా సంచిలో అవతలి ఒడ్డు కార్డులు పెరిగాయి. కళ్లెదుట ఉన్న ఊరికి కూడా కార్డు వేయవలసి వచ్చింది.

2007 జనవరిలో, సింగోటం జాతర రోజుల్లో, మంచాలకట్ట-నెహ్రూనగర్ నడుమ పడవ మునిగి 61 మంది పోయారు. పండుగ పూట చుట్టాల కోసం, దేవుడి కోసం బయల్దేరిన జనం. రెండు ఒడ్లలోనూ ఒకే ఇంటిపేరు వాళ్లు ఏడ్చారు. తర్వాత చాలా ఏండ్లు మా ఊళ్లో ఆడపిల్లను అవతలికి ఇచ్చే మాట ఎవరూ ఎత్తలేదు. డ్యాం కట్టినప్పుడు తెగనిది అప్పుడు తెగింది.

రెండేండ్ల తర్వాత 2009 దసరా సెప్టెంబర్ 28న వచ్చింది. పండుగకు వచ్చిన ఆడబిడ్డలు ఇంకా పుట్టింట్లోనే ఉన్నారు. అక్టోబర్ 2న కృష్ణ, తుంగభద్ర రెండూ ఒక్కసారి పొంగాయి. శ్రీశైలానికి దాదాపు 25 లక్షల క్యూసెక్కులు వచ్చిపడి, మట్టం 885 దాటిపోయింది. కర్నూలు మునిగింది, అలంపూర్ మునిగింది, గద్వాల వైపు నేతగాళ్ల ఊరు రాజోలి మగ్గాలతో సహా కొట్టుకుపోయింది. అప్పటికి సెల్‌ఫోన్లు వచ్చాయి గాని టవర్లు పనిచేయలేదు. ఎవరు ఎక్కడ చిక్కుకున్నారో తెలియక మూడు రోజులు జనం నా గుమ్మం ముందు కూర్చున్నారు, పోస్టాఫీసుకు ఏదైనా తెలిసి ఉంటుందని.

2014 జూన్ 2న ఏరు మళ్లీ రాష్ట్రాల సరిహద్దు అయింది. తెలంగాణ రావాలని కోరుకున్నవాణ్ని, వచ్చినందుకు సంతోషించినవాణ్ని. 2016 అక్టోబర్ 11న, సరిగ్గా దసరా నాడు, పాత పాలమూరు జిల్లా విడిపోయి మేము నాగర్‌కర్నూల్ జిల్లా అయ్యాం. ఒక్క కుటుంబం వాళ్లమే ఇప్పుడు నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నంద్యాల అని నాలుగు కలెక్టరేట్ల కింద ఉన్నాం. మామూలు రోజుల్లో దానివల్ల ఇబ్బంది లేదు. 2020 మార్చి 25 మాత్రం గుర్తుంది. ఆ రోజు ఉగాది, ఆ రోజే లాక్‌డౌన్ మొదలు. పండుగకు అటు పోయిన మా మనవరాలు అక్కడే ఆగిపోయింది. 1948లో మా వాళ్లు ఆగిపోయిన ఇంటి ఇప్పటి తరమే ఆమెనూ చూసుకుంది.

కట్టుబాటు చచ్చిపోలేదు. కాలం మార్చుకుంది. శివరాత్రి దాటాక జలాశయం తగ్గుతుంది. ఒడ్డు నేల బయటపడుతుంది. ముంపు రైతులు దిగి మినుము, పుచ్చ వేసుకుంటారు. 2003లో నీళ్లు బాగా దిగి సంగమేశ్వరం గుడి మునిగాక తొలిసారి కనబడింది. అప్పటినుంచి మట్టం 840 అడుగుల కిందికి పోయిన ఏడల్లా ఫాల్గుణ చైత్రాల్లో రెండు ఒడ్ల జనం అక్కడికి పోతారు. దర్శనం అయ్యాక బురద ఆరిన మెరక మీద చాపలు వేసి, మూటలు విప్పి, మధ్యాహ్నం దాకా కూర్చుంటారు. వెనక దసరాకు ఇంట్లో జరిగినవన్నీ ఇప్పుడు అక్కడ జరుగుతున్నాయి. ఒడిబియ్యం కూడా. పిల్లల జాతకాలు కూడా. పెద్దవాళ్లు పాత ఊరి పునాదులను చూపించి, ఇది మన వాకిలి, ఇది మీ తాత ఎడ్ల కొట్టం అని చెబుతారు. పొద్దున పేపరులో శ్రీశైలం మట్టం చూడటం మా ఇళ్లలో తిథి చూడటం కిందే లెక్క. 850 అంటే ఇంకా ఆగాలి. 840 అంటే మూటలు కట్టుకోవచ్చు.

సోమశిల-సిద్ధేశ్వరం నడుమ వంతెనకు 2022 అక్టోబర్‌లో కేంద్రం అనుమతి ఇచ్చింది. కల్వకుర్తి నుంచి నంద్యాల వైపు పోయే 167కె జాతీయ రహదారి మీద, వెయ్యి కోట్ల పైచిలుకు అంచనాతో. హైదరాబాద్ నుంచి తిరుపతికి ఎనభై కిలోమీటర్ల దాకా దూరం తగ్గుతుందని చెబుతున్నారు. తిరుపతి పోయేవాళ్లకు అది మంచిదే. మాకు మాత్రం అది ఏటి మీద పండుగ దారి. దసరా మళ్లీ దసరా నాడే చేసుకునే దారి. ఆ వంతెన ఎవరి కోసమని ఎవరైనా అడిగితే, 2007లో పోయిన 61 మంది పేర్లు దాని మొదటి స్తంభం మీద చెక్కించమని చెబుతాను. ఈ మాట వంతెన కోసం నేను రాసిన ప్రతి దరఖాస్తులోనూ ఉంది.

మా అక్కకు ఇప్పుడు డెబ్బై ఏండ్లు దాటాయి. వంతెన అయ్యేదాకా ఆగేది లేదంటుంది. ఈసారి మట్టం దిగగానే, ఒడ్డు నేలలో పుచ్చ వేసిన మేనల్లుడి గుడిసె దగ్గరికి వస్తానని ఫోన్ చేసింది. ఒడిబియ్యం అయిదేండ్ల బాకీ ఉందని లెక్క చెప్పింది. చీర గద్వాలది కావాలట, అంచు పచ్చరంగు.